పర్లాకిమిడి ప్లేస్కూల్లో ప్రపంచ సంగీతం: ఒక వయోలిన్ టీచర్ కేస్ స్టడీ

చిన్నపిల్లలకి రకరకాల దేశాల సంగీతం వినిపించడం గురించి వెతికితే లిస్టులు బోలెడు దొరుకుతాయి. సోమవారం ఆఫ్రికా, మంగళవారం జపాన్, బుధవారం బ్రెజిల్, శనివారానికి ప్రపంచం అయిపోతుంది. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి కావలసింది ఎక్కువ దేశాలు కాదు, తక్కువ పాటలు ఎక్కువసార్లు, అదీ కూర్చోబెట్టి కాకుండా కాళ్ళూ చేతులూ కదిలేలా. వానలు మొదలైనప్పటి నుంచి మళ్ళీ ఎండలు ముదిరేదాకా మా ఊరి ప్లేస్కూల్లో ఇరవై మంది దాకా పిల్లలతో ఇదే చేశాను. ఏది పట్టుకున్నారు, ఏది వదిలేశారు, ఇళ్లల్లో పెద్దవాళ్ళు ఏమన్నారు, అన్నీ కలిపి రాస్తున్నాను.

నాది వయోలిన్. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్నాను, పెళ్లయ్యాక పర్లాకిమిడి వచ్చాను, ఇంట్లో ట్యూషన్లు చెప్తూ వారంలో కొన్ని రోజులు ఈ ప్లేస్కూల్‌కి వెళ్తుంటాను. ఊరు తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇది ఒడిశా గజపతి జిల్లా, శ్రీకాకుళం జిల్లా పాతపట్నం మాకు పక్కనే. బజార్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, కొండల మీద నుంచి సంతకి దిగేవాళ్ళ నోట సవర. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడ పాఠాలు చెప్తూ సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూడా రాసిన ఊరు ఇదే. మా క్లాసులోనూ ఈ మూడు భాషలూ ఉన్నాయి. ఎక్కువమందికి ఇంట్లో తెలుగు, కొందరికి ఒడియా, ఇద్దరు ముగ్గురికి సవర.

వీళ్ళ చెవుల్లో అప్పటికే ఏముంది అన్నది ముందు చూసుకున్నాను. ఫోన్లో సినిమా పాటలు, గుడి మైకులో భక్తి పాటలు, రథయాత్రప్పుడు జగన్నాథుడి భజనలు, పెళ్లిళ్లలో క్లారినెట్, ట్రంపెట్ వాయించే బ్యాండు మేళం, ఊరేగింపుల్లో డీజే బాక్సులు, సంతరోజు ఎప్పుడైనా కొండవాళ్ళ డప్పులు. పిల్లలకి ఏమీ తెలియదు, మనం ప్రపంచాన్ని తెచ్చి ఇస్తున్నాం అనుకోవడం తప్పు. బ్యాండు మేళంలోనే సగం యూరప్ ఉంది.

ఈ పని మొదలుపెట్టడానికి నన్ను తోసింది ఒక పరిశోధన. ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ అనే ఇద్దరు 2005లో ప్రచురించారు. బల్గేరియా లాంటి బాల్కన్ దేశాల జానపద సంగీతంలో ఐదు, ఏడు మాత్రల నడకలు, అంటే ఐదేసి, ఏడేసి లెక్కలకి ఒకసారి తిరిగే లయలు, మామూలు. అలాంటి పాటలో మధ్యలో నడక చెడగొడితే ఉత్తర అమెరికా పెద్దవాళ్ళు కనిపెట్టలేకపోయారు, అక్కడి ఆరు నెలల పిల్లలు మాత్రం కనిపెట్టారు. ఏడాది వచ్చేసరికి పిల్లలు కూడా పెద్దవాళ్ళలాగే తమకు అలవాటైన నడకల వైపు మొగ్గారు. అయితే రెండు వారాలు ఇంట్లో ఆ సంగీతం వినిపిస్తే ఏడాది పిల్లలు మళ్ళీ పట్టుకున్నారు, అంతే వినిపించినా పెద్దవాళ్ళ వల్ల కాలేదు. నా పిల్లలు ఆ వయసు దాటిపోయారు, అదే ఫలితం వస్తుందని నేనేమీ అనుకోలేదు. పైగా మన దగ్గర ఏడు మాత్రలు కొత్త కాదు. కానీ ఇప్పటి సినిమా పాటల్లో ఎక్కువ భాగం నాలుగూ ఆరూ చుట్టూనే తిరుగుతుంటాయి కాబట్టి ఈ పిల్లలకి ఏడు ఎలా అనిపిస్తుందో చూడాలనిపించింది.

మొదటి కొన్ని వారాలు బయటి సంగీతం ఒక్కటీ పెట్టలేదు. పిల్లలకి ముందు సొంత భాషలో సొంత జానపదం రావాలి, మిగతా ప్రపంచం ఆ తర్వాతే అని హంగరీ స్వరకర్త జోల్టాన్ కొడాయ్ పట్టుబట్టేవాడు, నాకూ అదే సబబు అనిపిస్తుంది. అమ్మల్నీ నాయనమ్మల్నీ పిలిచి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఇంట్లో పాడేదే ఇక్కడ పాడమన్నాను. తెలుగు జోలపాటలు వచ్చాయి, ఒడియా అమ్మలు నానాబాయా అనే తమ పిల్లల పాటలు పాడారు. ఒక సవర తల్లి మాత్రం నోరు విప్పలేదు. నేను ఫోన్ తీసి పక్కన పెట్టేశాక, చంకలో ఉన్న చిన్నపిల్ల ఏడుపు మొదలుపెడితే, ఆ పిల్ల కోసం పాడింది. అది రికార్డు కాలేదు, పరవాలేదు. మర్నాటి నుంచి ఆమె కొడుకు ఆ రాగం తీస్తుంటే తెలుగు పిల్లలు కూడా మాటలు రాకుండానే అందుకునేవారు.

జోలపాటల నుంచి బయటికి దారి సులువు. 2018లో ఒక పరిశోధక బృందం 86 చిన్న సమాజాల పాటల ముక్కల్ని, ఒక్కోటి 14 సెకన్లు, 60 దేశాల్లోని 750 మందికి వినిపించి ఇది దేనికి పాడే పాటో చెప్పమంది. భాష తెలియకపోయినా జోలపాటనీ ఆట పాటనీ జనం బాగానే గుర్తుపట్టారు. దీన్నే ఆటగా మార్చుకున్నాను: తెలియని భాషలో పాట పెడతాను, బజ్జోపెట్టే పాటైతే పడుకోవాలి, గంతుల పాటైతే గంతులెయ్యాలి. ఎక్కువసార్లు సరిగ్గానే తేల్చారు. ఒక బాబు మాత్రం ఏ పాట పెట్టినా గంతులే, వాడికి సమాధానంతో పని లేదు.

ఆ తర్వాతే అసలు పని. ఏడాది మొత్తానికి బయటి సంగీతంలో నాలుగు రకాలే తీసుకున్నాను: బల్గేరియా నాట్య సంగీతం, బాలి గామెలాన్, జింబాబ్వే ఎంబీరా, తువా గొంతు పాట. ఒక్కోటి కొన్ని వారాలు సాగేది, రోజూ పావుగంట లోపే, పాత పాట పోకుండా కొత్తది పక్కన చేరేది.

బల్గేరియాలో రాచెనిత్సా అనే నాట్యం ఏడు మాత్రల్లో నడుస్తుంది, విరుపు రెండు, రెండు, మూడు. మన నోటి లెక్కలో తక తక తకిట. మన మిశ్రచాపు తాళం తకిట తకధిమి, అంటే మూడు ముందొచ్చి నాలుగు (రెండు, రెండు) వెనక వస్తుంది. అక్కడ పొడుగు అడుగు చివర పడుతుంది, ఇక్కడ మొదట పడుతుంది, తేడా అంతే. విజయనగరంలో చదువుకున్నదాన్ని కాబట్టి నాకు గురజాడ ముత్యాలసరం కూడా గుర్తొచ్చింది. అదీ మూడు, నాలుగు మాత్రల నడకే. అందుకని బల్గేరియా పాట పెట్టేముందు మన ఏడు మాత్రల పాటలకి పిల్లల చేత అడుగులు వేయించాను. తర్వాత బల్గేరియా పాట పెట్టి రెండు పొట్టి అడుగులు, ఒక పొడుగు అడుగు అన్నాను. అంకెలు లెక్కపెట్టమని ఎప్పుడూ అనలేదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, మిగతా టీచర్లకి బాగా పనికొచ్చేది ఇదే. పిల్లలు కదా అని పాటని స్లో చెయ్యకండి. రాచెనిత్సా వేగంగా ఉంటుంది, ఆ వేగంలో చెవి ఏడు లెక్కపెట్టదు, పొట్టి పొట్టి పొడుగు అని మూడు దెబ్బలే పట్టుకుంటుంది. స్లో చేసి చూస్తే ఏడు విడి దెబ్బలయ్యాయి, ఏది ఎక్కడ మొదలైందో తెలియక పిల్లలు ఆగిపోయారు. మళ్ళీ అసలు వేగంలో పెడితే దొర్లుకుంటూ వెళ్లిపోయారు. తెరమీద అన్నీ నెమ్మదిగా చేసి చూపించే పిల్లల వీడియోల అలవాటు మనకి ఇక్కడ అడ్డొస్తుంది.

కష్టపడింది పెద్దవాళ్ళు. మా ఆయా ఎప్పుడూ ఉత్సాహంగా ఆడే మనిషి, నాలుగో రోజు "ఏటమ్మా ఇది, కాలు మడతపడిపోతోంది, నాకొద్దు" అని గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తోటి టీచరు ప్రతిసారీ ఎనిమిదో మాత్ర ఒకటి చేర్చేసుకునేది, పాట తనకంటే ముందు వెళ్ళిపోతుంటే నవ్వేది. నాలుగేళ్ల పిల్లలకి ఆ బాధే లేదు. అందరికీ వచ్చేసిందని చెప్పను. మూడేళ్లవాళ్ళు ఊరికే ఎగిరారు, మూడో నాలుగో వారానికి పెద్ద పిల్లల్లో సగం మంది పొడుగు అడుగు సరైన చోట వేశారు. ఒకమ్మాయి బయట ఇసుకలో ఆడుకుంటూ తక తక తకిట అని చేత్తో కొట్టుకోవడం చూశాను, అప్పుడు పాట లేదు, నేనూ అక్కడ లేననే అనుకుంది.

గామెలాన్ విషయం వేరు. ఇండోనేషియాలో జావా, బాలి దీవుల్లో కంచు పలకలు, గంటలు, డోళ్ళు కలిపి వాయించే బృంద సంగీతం. వాళ్ళకి ప్రధానంగా రెండు స్వర వరసలున్నాయి, స్లెండ్రోలో ఐదు స్వరాలు, పెలాగ్‌లో ఏడు. ఒక ఊరి వాయిద్యాల శృతి ఇంకో ఊరి వాయిద్యాలతో కచ్చితంగా కలవాలని లేదు, ఏ సెట్టుకి ఆ సెట్టే. బాలిలో ఇంకో విశేషం, జత వాయిద్యాల్లో ఒకదాన్ని కావాలనే కొంచెం హెచ్చులో ఉంచుతారు, రెండూ కలిసి మోగితే శబ్దం అలలా ఊగుతుంది. శృతి శృతి అని ఏళ్ల తరబడి చెవి నూరుకున్న నాకు అది మొదట తప్పు శృతిలాగే వినిపించింది, పళ్ళు జివ్వుమన్నాయి. పిల్లలు మాత్రం "గుడి గంటలు" అన్నారు, అంతే, ఇంకేం ప్రశ్నలు లేవు. మా భజన తాళాల జతని చెవి దగ్గర మోగించి చూపిస్తే ఆ ఊగుడు అందులోనూ దొరికింది. తర్వాత వారమంతా పిల్లలకి అదే పని, స్టీలు గ్లాసులు, టిఫిన్ డబ్బా మూతలు, గేటు చువ్వలు, ఏది ఎక్కువసేపు ఊగుతుందో అని.

బాలి గామెలాన్లో కెబ్యార్ అనే శైలి 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర బాలిలో పుట్టింది. ఉన్నట్టుండి దూకుతుంది, ఉన్నట్టుండి ఆగుతుంది, ఒక్క క్షణం నిశ్శబ్దం, మళ్ళీ వరదలా వస్తుంది. పిల్లల ఆటకి ఇంతకంటే ఏం కావాలి. ఆగినప్పుడు బొమ్మలా నిలబడాలి. మొదట్లో ఆగాక ఆగేవారు, రోజులు గడిచాక ఆగబోయే ముందే కొందరు ఒంటికాలి మీద సిద్ధంగా ఉండేవారు. సంగీతం లోపలికి వెళ్లిందనడానికి నేను నమ్మే గుర్తు ఇదే, తర్వాత ఏం రాబోతోందో పిల్లాడి ఒంటికి తెలియడం. గామెలాన్లో ఇద్దరు వాయిద్యకారులు ఒకరి సందుల్లో ఒకరు కొట్టి ఒకే వేగమైన వరస అల్లుతారు, దాన్ని కూడా చేయిద్దామని పిల్లల్ని రెండు గుంపులు చేసి చూశాను. ఆ వయసుకి అది కుదరదు. అవతలి గుంపు దెబ్బ వినగానే ఇవతలి చెయ్యి తనూ కొట్టేస్తుంది. వదిలేశాను.

ఎంబీరా అంటే చెక్క మీద బిగించిన ఇనప మీటలు, ఎక్కువగా బొటనవేళ్ళతో నొక్కి వదులుతారు. జింబాబ్వే షోనా ప్రజలది. దాన్ని చూసి తయారై బజార్లోకి వచ్చిన కలింబా ఆన్‌లైన్లో చవకగానే దొరుకుతుంది, ఒకటి కొన్నాను. కానీ అసలు ఎంబీరాలో కలింబాలో లేనిది ఒకటుంది. గవ్వలు గానీ సీసా మూతలు గానీ తగిలించి ప్రతి స్వరం వెనకా కావాలనే బుర్రుమనే చప్పుడు చేయిస్తారు. అది లోపం కాదు, ఆ నాదానికి ఒళ్ళు అదే. మన తంబురాలో తీగల కింద ఉంచే జీవాళీ దారం చేసే పనికి ఇది చుట్టమే. తంబురా ఒకరోజు క్లాసుకి మోసుకెళ్ళి దారం ఉంచీ తీసీ వినిపించాను. దారం ఉన్నప్పుడు "తుమ్మెద", తీసేస్తే "చచ్చిపోయింది" అన్నాడొకడు. కలింబాకి రెండు సోడా మూతలు వదులుగా కట్టాక దాన్ని వదిలిపెట్టినవాడు లేడు.

ఎంబీరా దగ్గరే ఒక జాగ్రత్త కూడా వచ్చింది. షోనా వాళ్ళకి అది వినోదం ఒక్కటే కాదు, పితృదేవతల్ని పిలిచే కొలువుల్లో వాయిస్తారు. అలాంటి రికార్డింగులు పక్కన పెట్టి, మామూలు వేడుకల్లో వాయించేవే తీసుకున్నాను. సవర పాటల్లోనూ అంతే, ఏది పిల్లలు ఆడుకుంటూ పాడొచ్చు, ఏది కొలువు పాట అన్నది ఆ తల్లినే అడిగాను. మన మంగళహారతిని ఎవరో అడుగులాటకి వాడితే మన ఇళ్లల్లో ఎలా ఉంటుందో ఆలోచిస్తే చాలు. "ఆఫ్రికా పాట" అనే మాట కూడా మానేశాను. 54 దేశాల ఖండం అది. నాలుగేళ్లవాడికి మ్యాప్ ఎక్కదు, కానీ దీన్ని ఎవరు వాయిస్తారు, ఎప్పుడు వాయిస్తారు అంటే ఎక్కుతుంది.

గొంతు పాట నిలవలేదు. మంగోలియా పక్కన రష్యాలో ఉన్న తువాలో ఒకే మనిషి ఒకేసారి రెండు స్వరాలు పలికిస్తాడు, అడుగున మంద్రం నిలిచి ఉంటే పైన ఈల లాంటి స్వరం నడుస్తుంది. నాకు ఒళ్ళు పులకరించే సంగీతం. క్లాసులో ఇద్దరు ఏడ్చారు, మిగతావాళ్ళు కప్ప కప్ప అని అరిచారు, ఇంటికెళ్ళి చెల్లెళ్ళని భయపెట్టారట. తెలియని లయని, తెలియని శృతిని ఏ ఇబ్బందీ లేకుండా మింగేసిన పిల్లలు తెలియని గొంతు దగ్గర ఆగిపోయారు. నా ఊహ ఏంటంటే, వాయిద్యం ఎలా మోగినా వస్తువు, గొంతు వింటే మాత్రం మనిషి ఉన్నాడని తెలుస్తుంది, అంత లావు గొంతుతో కనిపించని మనిషి గదిలో ఉంటే భయమే కదా. దీనికి మాత్రం పాడే మనిషి ముఖం ముందు చూపించాల్సింది. మిగతా వాటికి వీడియో మొదట్లో చూపించను, తెర వెలిగిందంటే కాళ్ళు ఆగిపోతాయి, నోళ్ళు తెరుచుకుంటాయి, ఇంక ఆ పావుగంట పోయినట్టే.

సౌండ్ గురించి కూడా చెప్పాలి. మాది రేకుల కప్పు గది, చిన్న స్పీకర్ పెట్టినా మోత. పిల్లలకి 75 డెసిబెల్స్, వారానికి 40 గంటలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సురక్షిత శ్రవణం హద్దు. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెద్ద కచ్చితమైనది కాదు గానీ అంచనాకి సరిపోతుంది. స్పీకర్ని మూల నుంచి తీసి దుప్పటి మీద పెట్టి, నేను మామూలుగా మాట్లాడితే వినిపించేంతకి తగ్గించాను. చెవులు మూసుకునే పాప చెవులు మూసుకోవడం మానేసింది. ఊరేగింపు డీజేలకి అలవాటుపడ్డ ఊళ్ళో ఈ మాట చెప్తే నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక పెద్దవాళ్ళు. ఎక్కువమంది అడిగింది ఒకటే, "దీనివల్ల తెలివి పెరుగుతుందా టీచరమ్మా?" మొజార్ట్ వింటే పిల్లల బుర్ర పెరుగుతుందన్న మాట వాట్సాప్‌లో ఎక్కడెక్కడో తిరిగి మా ఊరికీ వచ్చింది. అసలు సంగతి ఇది: ఆ మాటకి మూలమైన, 1993లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగం చేసింది కాలేజీ విద్యార్థుల మీద, పసిపిల్లల మీద కాదు. పది పదిహేను నిమిషాలు ఉండి పోయే చిన్న ప్రభావం, అదీ ఆకారాల్ని ఊహించుకునే ఒకరకం పరీక్షలో. దాన్ని పట్టుకుని 1998లో అమెరికాలో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకీ సంగీతం క్యాసెట్టో సీడీనో ఇద్దామని ప్రతిపాదించాడు. తెలివి సంగతి నేను హామీ ఇవ్వను, చెవి సంగతి చెప్పగలను అన్నాను. ఒకరిద్దరు నిరాశపడ్డారు, ఏబీసీడీలకి ఆ పావుగంట ఇస్తే మేలు కదా అన్నారు.

ఒక నాయనమ్మ గారి అభ్యంతరం వేరు. "శ్లోకాలు నేర్పకుండా ఈ పరాయి పాటలేటమ్మా, మన సంగీతం పాడైపోదేటి?" ఆవిడకి భజనల్లో మంచి గొంతు, అందుకే తేలిగ్గా తీసిపారేయలేదు. ముత్తుస్వామి దీక్షితులు గారి నోటుస్వరాల సంగతి చెప్పాను. మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు కోటలో తెల్లవాళ్ళ బ్యాండు విని, ఆ బాణీలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారు ఆయన. మన పిల్లలకి మొదట్లో నేర్పే "శక్తిసహిత గణపతిం", "శ్యామలే మీనాక్షి" ఆ వరసలోవే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ తెల్లవాళ్ళ వాయిద్యమే నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చాడు, నా ఒళ్ళో ఉన్న వయోలిన్ అలా వచ్చిందే. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే దీక్షితులు గారికి ముందు మన సంగీతం వచ్చు కదా" అన్నారు. సరైన మాట. ఇంటి పాటలు ముందు ఎందుకు పెట్టానో ఆవిడ నాకంటే బాగా చెప్పేశారు. ఆ తర్వాత ఆవిడే వచ్చి కోలాటం పాటలు కొన్ని నేర్పారు.

ఫలితం అని నేను చూసుకున్నవి మూడే: పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ అడుగుతున్నారా, ఆడుకునేటప్పుడు అది బయటికి వస్తోందా, ఆగేదీ మారేదీ ముందే పసిగడుతున్నారా. బల్గేరియా, గామెలాన్ మూడింట్లోనూ నిలిచాయి. ఎంబీరా అడిగారు, ఆడారు, పసిగట్టడం అంతగా కనపడలేదు, అది గుండ్రంగా తిరిగే సంగీతం కావడం వల్ల కూడా కావచ్చు. కోతల రోజుల్లో ఊరెళ్లిపోయిన పిల్లలు తిరిగొచ్చాక వెనకబడ్డారు, వాళ్ళకి మళ్ళీ మొదటి నుంచి చెప్పడానికి ఏర్పాటు లేకపోయింది. శుక్రవారం పిల్లల ఇష్టం అని పెట్టాను, ఏడాది చివరికి కూడా సినిమా పాటదే మొదటి ఓటు. దాంతో నాకు పేచీ లేదు. రెండో ఓటు మాత్రం మొదట్లో ఇంకో సినిమా పాటకి పడేది, చివర్లో "ఆగే పాట"కి, అంటే గామెలాన్‌కి, పడింది.

వచ్చే బ్యాచ్‌కి గొంతు పాట తీసేస్తున్నాను, దాని బదులు శ్రీకాకుళం వైపు నుంచి తప్పెటగుళ్ళ బృందాన్ని ఒకరోజు పిలవాలని ఉంది, గుండె మీద వాయిద్యం పెట్టుకుని గంతులేస్తూ వాయించేవాళ్ళని పిల్లలు ఎదురుగా చూడాలి. బయటి రకాలు మూడుకి తగ్గిస్తున్నాను. సవర డప్పు ఒకటి క్లాసులో ఉంచాలి, రికార్డింగుతో పని జరగడం లేదు. సంతలో ఒకాయన్ని అడిగాను, కోతలయ్యాక తెస్తానన్నాడు, ధర ఇంకా తేలలేదు.